దిగిన ముల్లు

సర్చూ దాటిన తరువాత మనాలి-లేహ్ రహదారి కొంతదూరం త్సారప్ నదిని ఆనుకొని బుద్ధిగా సాగి, ఉన్నట్టుండి కొండకు ఎదురు తిరుగుతుంది. గాటా లూప్స్ అని పేరుపడిన 21 మలుపులు అక్కడే మొదలవుతాయి. చెట్టు లేదు, నీడ లేదు. పై మలుపులోని లారీ కింది మలుపులోని వారికి పిల్లల బొమ్మవలె కనిపిస్తుంది.

ఆ మలుపుల్లో ఒకచోట మంచినీటి సీసాలు గుట్టగా పడి ఉంటాయి. చలికాలపు ముంగిట చెడిపోయిన లారీకి కాపలాగా మిగిలిన క్లీనరు ఒకడు, సహాయం అందేలోగా చలికీ దప్పికకూ ప్రాణాలు విడిచాడనీ, నేటికీ దారినపోయేవారిని నీళ్లడుగుతాడనీ డ్రైవర్లు చెప్పుకుంటారు. కథలో నిజమెంతో గాని, సీసాలు మాత్రం నిజం.

ఆ గుట్టకు రెండు మలుపుల దిగువన, వేసవిలో ఒకనాడు, నిండు బరువుతో మూలుగుతూ ఎక్కుతున్న లారీలో వేడిని చూపే ముల్లు ఎర్రగీతను తాకబోయి చటుక్కున అడుక్కు దిగిపోయింది.

“చల్లబడింది ఉస్తాద్!” అని క్లీనరు కుర్రవాడు సంబరపడ్డాడు.

ఉస్తాద్ మరుక్షణమే లారీని పక్కకు తీసి ఇంజను ఆపాడు. చక్రాల కింద రాళ్లు పెట్టించాడు.

ముల్లు దిగడంలోనూ తేడాలున్నాయి. దిగుడుదారిలో, చలిగాలిలో మెల్లగా దిగి, బండి నిలిచినప్పుడు మళ్లీ లేస్తే థర్మోస్టాట్ మూసుకోవడం లేదన్నమాట. ఇంధనం దండుగే తప్ప తక్షణ ప్రమాదం లేదు. గతుకు గతుకుకూ పడిలేస్తుంటే ఎక్కడో తీగ వదులైందని అనుమానించాలి. కాని ఎగువదారిలో, కాగుతున్న ఇంజను మీద ముల్లు ఒక్కసారిగా పడిపోవడం శుభవార్త కానేకాదు. వేడిని పసిగట్టే సెన్సరు నీటిలో మునిగి ఉన్నంతవరకే నిజం పలుకుతుంది. నీరు కారిపోయి అది గాలిలో మిగిలితే, లోపల ఇంజను మాడుతున్నా పైన మీటరు చల్లదనమే చూపుతుంది. పైగా సుమారు 4,500 మీటర్ల ఎత్తున నీరు 85 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటరు మూత బిగించి ఉంచే ఒత్తిడే దానిని ఆవిరి కాకుండా ఆపేది. ఎక్కడ చిన్న సందు దొరికినా ఆ కట్టు తెగినట్టే.

కుర్రవాడు మూత విప్పబోతే ఉస్తాద్ చెయ్యి పట్టుకొని ఆపాడు. “మొహం కాల్చుకుంటావు. కూర్చో.”

గంటకు పైగా కూర్చున్నారు. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట వెదికితే, కింది హోసు పైపు క్లిప్పు దగ్గర తడిమరక కనిపించింది. బిగించారు. వెంట ఉన్న డబ్బా నీళ్లు సరిపోలేదు. కుర్రవాడి చూపు కొండపైకి పోయి, వెంటనే వెనుదిరిగింది.

“అవి అతనివి కదా, ఉస్తాద్.”

“అతనూ క్లీనరే. ఏమీ అనుకోడు. ఎన్ని తెచ్చావో లెక్క మాత్రం మరిచిపోకు.”

కుర్రవాడు అడ్డదారిన ఎక్కి ఆరు సీసాలు తెచ్చాడు. నీళ్లు పోసి, ఇంజను తిప్పి, బుడగలు అణిగేదాకా ఆగి మళ్లీ పోశారు. ముల్లు నెమ్మదిగా లేచి నడుమ నిలిచింది. గుట్ట పక్కగా లారీ సాగుతున్నప్పుడు కుర్రవాడు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఆరు!” అని గట్టిగా చెప్పాడు.