పండగ రాత్రి, వడ్ల రాశి కాపలా

ఈరోజు పురుగుమందుల గురించి కాదు, ధరల గురించీ కాదు. క్రిస్మస్ గురించి నాలుగు మాటలు రాద్దామనిపించింది. ఆ పండగ చేసుకోనివాళ్లు కూడా చదవండి, ఇందులో సగం వరి సంగతే ఉంది.

మన డెల్టాలో క్రిస్మస్ అంటే కోతల కాలం. కార్డుల మీద తెల్లటి మంచు బొమ్మలేస్తారు గానీ మనకుండేది వడ్లు ఆరనివ్వని పొగమంచు.

చిన్నప్పుడు నాకు పండగంటే కొత్త చొక్కా, ఏడాదికి ఒక్కటే. వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగుకాగితం అంటించి, చూరుకి వేలాడదీసేవాళ్లం. అమ్మ అరిసెలు వండేది. ఆ రోజుల్లో నాన్న ఇంట్లో పడుకున్నట్టు నాకు గుర్తులేదు. కళ్లంలో కుప్పకాడ కాపలా ఉండి, పొద్దున్నే తలలో గడ్డి నలుసులతోనే చర్చికొచ్చేవాడు. నాకేమో సిగ్గుగా ఉండేది.

ఇరవై ఏళ్లొచ్చాక పండగంటే కేరల్స్. రాత్రంతా డప్పు కొట్టుకుంటూ ఊరంతా తిరగడం, ఇంటింటికీ టీ. నాటకంలో నాకెప్పుడూ గొర్రెల కాపరి వేషమే. దుప్పటీ, కర్రా మా ఇంట్లోవే మరి.

పిల్లలు పుట్టాక పండగంటే లెక్క. వడ్లు తోలినా డబ్బు చేతికి రాదు, బట్టలు మాత్రం 24లోపే కొనాలి. సంక్రాంతి చేసుకునేవాళ్లకి ఇంకో మూడు వారాల గడువుంటుంది. మాకు అదీ లేదు, బట్టల కొట్లో అరువే.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పండక్కి సరిగ్గా 20 రోజులు. ఆ ఏడు సాధారణ రకానికి మద్దతు ధర క్వింటా 2,183, అంటే 75 కిలోల బస్తా 1,637 రూపాయలు. తేమ 17 శాతం దాటకూడదు. నీళ్లలో నానిన పనలకి 17 ఎక్కణ్ణుంచి వస్తుందండీ? మొలకలొచ్చినవి పోగా మిగిలినవి రోడ్డు మీద ఆరబోసి, రాత్రిళ్లు పట్టా కప్పి కూర్చున్నాం. 24 రాత్రి కూడా నేను అక్కడే.

చర్చి మైకులో లూకా సువార్త చదువుతున్నారు, రోడ్డుదాకా వినపడింది. రాత్రిపూట పొలంలో మందని కాచుకునేవాళ్లకే ముందు కబురు అందిందని. ఏటా వినే మాటే, ఆ వేషం కూడా వేశాను. కానీ కాపలా అనే మాట నాకు ఆ రాత్రే చెవినపడింది. రాజుకి కాదు, పెద్దలకి కాదు, నిద్రలేకుండా పొలంలో కూర్చున్నవాళ్లకి చెప్పారు. నాన్న గుర్తొచ్చాడు. బస్తాకి రూపాయి పెరగలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇంకోటి. మిషన్ కోతలొచ్చాక గడ్డి నలిగిపోతుంది, పొడుగు గడ్డి దొరకదు. గేదెల కోసం నేను అరెకరం చేత్తోనే కోయిస్తా. అందుకని చర్చిలో పశువుల పాక కట్టే కుర్రాళ్లు గడ్డికి మా ఇంటికే వస్తారు. ఆ ఏడు నల్లబడి ముక్కవాసనొస్తున్న గడ్డే ఇచ్చాను, ఎండబెట్టుకుని వేశారు. హైదరాబాద్ నుంచొచ్చిన మనవరాలు పసిబిడ్డ బొమ్మనే చూస్తూ నిలబడింది. నేను తొట్టి చూశా. మా గేదెలకి కుడితి పెట్టే తొట్టి కంటే చిన్నది.

ఈ ఏడు గడ్డి బాగుంది, రెండు మోపులు విడిగా తీసిపెట్టా. కోతలు కానివాళ్లు పట్టాలు దగ్గర పెట్టుకోండి, తూర్పున మబ్బు పట్టి ఉంది.