మూడో తరగతి భాషలు

డీఎడ్ ఇంటర్న్‌షిప్‌కి హైదరాబాద్‌లోనే ఓ సర్కారు బడి పడింది. మూడో తరగతి. కాలేజీలో లెసన్ ప్లాన్ రాసేటప్పుడు పిల్లలందరికీ ఒకే భాష వచ్చన్నట్టు రాసేస్తాం. ఇక్కడేమో ముందు వరుసలో తెలుగు, పక్కన ఉర్దూ, వెనకాల బిహార్ నుంచీ ఒడిశా నుంచీ బిల్డింగ్ పనులకొచ్చినవాళ్ల పిల్లలు. 2022 నుంచి మన సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. మంచి ఆలోచనే, కాదనను. కానీ ఇంట్లో ఆ రెండూ వినబడని పిల్లకి ఏ పేజీ తెరిచినా ఒకటే కదా!

తీసివేతలు చెప్తుంటే మూడో బెంచీ పిల్ల ఒకతి, నేనడక్కుండానే, పక్కనున్న ఒడియా పిల్లాడికి హిందీలో గుసగుసగా చెప్పేస్తోంది. పుల్లలు పేర్చి మరీ. వాడు లెక్క చేసి పలక ఎత్తి చూపించాడు. క్లాసు మేడమ్‌కి ఇది మామూలే. "దాన్ని కదిలించకమ్మా, అక్కడే కూర్చోనీ" అన్నారంతే.

లెసన్ ప్లాన్‌లో బోధనోపకరణాల గడిలో చార్టులు, పూసలు, పుల్లలు అని రాస్తుంటాం. రేపు ఆ పిల్ల పేరు కూడా రాస్తే మా లెక్చరర్ సంతకం పెడతారంటారా?