‘హౌఎవర్’ అను మాట

మన రాష్ట్రప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరమునుండి ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. అప్పటినుండి మా యాదగిరిగుట్టలో తల్లులు కొందరు పిల్లల పుస్తకములు తీసికొని మా యింటికి వచ్చుచుందురు. పంతులుగారు బడినుండి వచ్చునందాక నేనే వారికి దిక్కు. వారడుగునవి పెద్దమాటలు కావు. వానికి నిఘంటువు చాలును. చిక్కంతయు చిన్నమాటలతోనే. వానిలో నొకటి ‘హౌఎవర్’.

పిల్లలు దీనికి ‘అయితే’ అని అర్థము వ్రాసికొని వల్లించుచుందురు. నాకది తృప్తిగా లేదు. ‘అయితే’ మూలమున ‘అయినచో’ అను చేదర్థకము. అందొక నియమము ధ్వనించును. ‘హౌఎవర్’ ముందుమాట నంగీకరించి, పిమ్మట దానికి భిన్నమైనది చెప్పును. దీనికి మన ‘అయినను’ దగ్గరిది. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) చదివినవారు దీని నప్యర్థకమని గుర్తింతురు. ఇక ‘కాని’లో ‘కాదు’ దాగియున్నది. అత్తగారితో ‘కాని’ యనుటకును ‘అయినను’ అనుటకును గల భేదము కోడండ్రకు నేను చెప్పనక్కరలేదు!

‘బట్’ వలె రెండు వాక్యములను కుట్టు శక్తి ‘హౌఎవర్’కు లేదు. “గుట్టపై నెండ మెండుగా నున్నది” అని చుక్క పెట్టి, ‘హౌఎవర్’ వ్రాసి, వెంట కామా నుంచి, “యాత్రికులు వచ్చుచున్నారు” అనవలెను. ఇది వాక్యము నడుమ వచ్చినప్పటి సొంపు వేరు. “అందరు మెట్లెక్కిరి. అత్తగారు, హౌఎవర్, క్రిందనే యుండిరి” అన్నచోట ‘అయినను’ పొసగదు. “అత్తగారు మాత్రము” అన్నగాని తెలుగు కాదు.

కామా లేక, వెంటనే ‘హార్డ్’ వంటి మాట వచ్చెనా, అర్థమే మారిపోవును. అప్పు డది ‘ఎంత గట్టిగానైనను’ అని యగును. ఈ భేదము వ్యాకరణములో చిన్నదే. మా వాడలో నొక యింట నది చిన్నది కాలేదు.

ఆ యింటి పిల్లకు గణితము రాదు. బడివారు పంపిన కాగితమున ఆ మాట వ్రాసి, క్రింద “హౌఎవర్, షి ట్రైస్ హార్డ్” అని చేర్చిరి. అన్నగారు దానిని “ఎంత ప్రయత్నించినను” అని చదివి వినిపించెను. తల్లి కన్నీళ్లతో వచ్చి, “పంతులమ్మా, మా బిడ్డ ఎంత కష్టపడ్డా సదువు రాదని రాసిన్రు. ఈ యేటితో బడి మానిపిస్తమంటున్నడు వాళ్ల నాయన” అన్నది. నేను కాగితము తీసికొని ఆ కామాపై వ్రేలుంచి, “అక్కా, రాదనలేదు. లెక్కలు తక్కువే, అయినను పిల్ల గట్టిగా ప్రయత్నించుచున్నదని వ్రాసినారు” అంటిని. ఆమె నమ్మలేదు. పంతులుగారు వచ్చి చెప్పినపిదపగాని లేవలేదు. ఆ రాత్రి తండ్రికి వినిపించుటకై నాచేత తెలుగున వ్రాయించుకొని, ఆ చీటి కొంగున ముడివైచుకొని పోయెను.

పిల్ల యిప్పుడు పై తరగతిలో నున్నది. గణిత మింకను కష్టముగనే యున్నదట.