గోలు కాని గోలు

నాకు పదునాలుగేండ్ల ప్రాయమున జరిగిన ఒక చిన్న సంగతి నేటికిని నా మనస్సును బాధించుచుండును. ఆనాడు మా పాఠశాలకును పొరుగూరి పాఠశాలకును ఫుట్‌బాల్ పోటీ జరుగుచుండెను. ఆట ముగియుటకు కొద్ది నిమిషములే మిగిలి యుండెను. బంతి నా పాదమునకు తగిలి గీత దాటి పోయినది. రిఫరీగా నున్న మాస్టారు దానిని సరిగా చూడలేదు. త్రో మాకే ఇచ్చిరి. నా ప్రక్కనే యున్న ఎదుటి జట్టు బాలుడు నా ముఖము వంక చూచెను. నిజము చెప్పుమని అతడు నోటితో అడుగలేదు, కన్నులతో అడిగెను. నేను తల త్రిప్పుకొని ఊరకుంటిని. ఆ త్రో నుండియే మావారు గోలు కొట్టిరి. మేము గెలిచితిమి. అందరును నన్ను భుజము తట్టి మెచ్చుకొనిరి. ఇంటికి పోవు త్రోవలో మాత్రము నాకు సంతోషము కలుగలేదు.

చాల యేండ్ల పిదప ఇగోర్ నెట్టో అను రష్యా దేశపు ఆటగాని చరిత్రము చదివితిని. అప్పుడు ఈ పాత సంగతి నా కన్నుల యెదుట మరల నిలిచినది.

నెట్టో 1930 జనవరి 9వ తేదీన మాస్కో నగరమున జన్మించెను. తోటి బాలురతో కలిసి ఇండ్ల నడిమి ఖాళీ స్థలములలో బంతియాట నేర్చెను. యౌవనమున మంచుమీద ఆడు హాకీలోను నేర్పు చూపెను. 1949లో మాస్కోలోని స్పార్టక్ ఫుట్‌బాల్ జట్టున చేరి, 1966 వరకు ఆ జట్టును విడువలేదు. ఆ కాలమున స్పార్టక్ ఐదు పర్యాయములు సోవియట్ దేశపు విజేతగా నిలిచెను.

ఆయన జీవితమున కష్టము లేకపోలేదు. అన్నగారైన లెవ్ 1948లో శిక్షింపబడి, దూరపు ఉత్తర సీమలోని నొరీల్స్క్ ఖైదీల శిబిరమున గడిపి, 1956లో గాని విడుదల కాలేదు. తమ్ముడు దేశపు జట్టుకు నాయకుడై వేలకొలది జనుల యెదుట ఆడుచుండగా, అన్న మంచుసీమలో బందీయై యుండెను. అట్టి దుఃఖమును లోపల దాచుకొని నెట్టో ఆడుచుండెను.

ఆయన ఆడిన స్థానము మైదానపు నడిమి భాగము. ముందు నిలిచినవాడు గోలు కొట్టును. వెనుక నిలిచినవాడు గోలు పడకుండ కాచును. ఈ యిరువురి నడుమ నిలిచి, వెనుకనుండి బంతిని గ్రహించి, ఎవనికి ఎప్పుడు అందింపవలెనో ఎరిగి పంపువాడు నడిమి ఆటగాడు. పొలమున నీరు మళ్లించువాని పని వంటిది అతని పని. ఏ మడికి ఎంత నీరు కావలెనో అతనికి తెలియవలెను. పంట కోయువానిని ఎల్లరును చూతురు. నీరు మళ్లించినవానిని తలచువారు తక్కువ. దేశము పక్షమున నెట్టో ఆడిన 54 పోటీలలో ఆయన కొట్టిన గోలులు నాలుగు మాత్రమే. అయినను ఆ జట్టునకు నాయకుడు ఆయనయే.

ఆయన శాంతమూర్తి యని తలపరాదు. బంతిని గురి లేక గాలిలోనికి తన్నుట ఆయనకు గిట్టదు. తోడి ఆటగాడు తప్పుగా పంపినచో గట్టిగా మందలించెడివాడు. ఆయన పొడవైన మెడను చూచి మిత్రులు ‘పెద్దబాతు’ అని హాస్యమునకు పేరు పెట్టిరి.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలు జరిగెను. బల్గేరియాతో ఆడిన సెమీఫైనల్‌లో సోవియట్ ఆటగాడు నికొలాయ్ తీష్చెంకోకు మెడ క్రింది ఎముక విరిగెను. గాయపడినవానికి మారుగా వేరొకనిని దింపు పద్ధతి ఆనాడు లేదు. అతడు కట్టు కట్టించుకొని తుదివరకు మైదానముననే నిలిచెను. జట్టు 2–1తో గెలిచి, పిదప డిసెంబరు 8న యుగోస్లావియాను 1–0తో ఓడించి స్వర్ణపతకము పొందెను. హైదరాబాదు వాసియైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో మన భారతజట్టు సెమీఫైనల్ చేరి, నాలుగవ స్థానము పొందినది ఆ క్రీడలలోనే. 1960లో యూరపు దేశముల తొలి పోటీలోను నెట్టో నాయకత్వమున సోవియట్ జట్టు విజయము సాధించెను. పారిస్ నగరమున జూలై 10న జరిగిన ఆ తుది పోటీలోను ఓడినది యుగోస్లావియాయే.

ఇక నా మనస్సును కదలించిన సంగతి 1962లో జరిగినది. ఆ యేడు ప్రపంచకప్పు పోటీలు చిలీ దేశమున జరిగెను. జూన్ 6న అరీకా పట్టణమున సోవియట్ జట్టు ఉరుగ్వేతో తలపడెను. మూడు దినముల క్రిందట కొలంబియాపై 4–1తో ముందుండియు, తుదకు 4–4తో సరిపెట్టుకొనిన జట్టు అది. ఉరుగ్వే చేతిలో ఓడినచో పోటీనుండి తొలగిపోవు ప్రమాదము కలదు.

రెండవ భాగమున ఆట 1–1తో సమముగా నుండెను. అప్పుడు ఇగోర్ చిస్లెంకో బంతిని బలముగా తన్నెను. బంతి వలలో పడినది. ఇటలీ దేశస్థుడైన రిఫరీ యోనీ గోలు అని ప్రకటించెను. ఉరుగ్వేవారు కాదని మొరపెట్టుకొనిరి. నిజమేమన, వల ప్రక్కభాగమున ఒక చిల్లు కలదు. బంతి ఆ చిల్లు గుండ లోనికి దూరినది. నెట్టో చిస్లెంకోను విచారించి నిజము తెలిసికొనెను. పిమ్మట రిఫరీ వద్దకు పోయి, అది గోలు కాదని సైగలతో తెలిపెను. రిఫరీ గోలును రద్దు చేసెను.

ఆ క్షణమును నేను పలుమారులు ఊహించుకొంటిని. ఆయన మౌనముగా నున్నను ఎవరును తప్పుపట్టజాలరు. తీర్పు చెప్పుట రిఫరీ పని. అబద్ధము ఆడినది తాను కాదు. నేను నాడు నాకు చెప్పుకొన్న సమాధానము సరిగా ఇదియే! కాని నెట్టో తనకు తెలిసిన నిజమును ఇంకొకని పొరపాటు చాటున దాచలేదు.

89వ నిమిషమున వలెంతీన్ ఇవానోవ్ గోలు కొట్టగా సోవియట్ జట్టు 2–1తో గెలిచెను. ఇది సత్యమునకు దక్కిన బహుమానమని చెప్పుటకు నాకు మనసొప్పదు. ఏలయన నాలుగు దినముల పిదప అదే పట్టణమున ఆ జట్టు చిలీ చేతిలో 1–2తో ఓడి ఇంటిదారి పట్టెను. కప్పు దొరకలేదు. సత్యము పలికినవానికి గెలుపు తప్పదని ఎవరును మాట ఇయ్యజాలరు. గెలుపు తప్పక దొరకునని తెలిసి పలికిన సత్యములో గొప్పతనమేమి యున్నది?

నెట్టో 1999లో కన్నుమూసెను. మాస్కోలో ఒక క్రీడాస్థలమునకు ఆయన పేరు పెట్టిరి. ఆయన గెలిచిన పతకములకంటె వదలుకొనిన ఆ ఒక్క గోలే నాకు మిక్కిలి విలువైనదిగా తోచును.

ఆనాటి పొరుగూరి బాలుని పేరు నేనెరుగను. మరల అతనిని చూడలేదు. “మాస్టారూ, బంతి నా కాలికే తగిలినదండీ” యని పలుకుటకు నాకు ఎంతసేపు పట్టియుండును? ఆ చిన్న మాటను ఆనాడు పలుకలేకపోతిని. అందుకే దానిని నేడు మీ యెదుట పలుకుచున్నాను.