అమావాస్య సెలవు

మా మామ బండల మేస్త్రీ. కడపలో ఆ మాట చెబితే చాలు, పని ఏమిటని ఎవరూ అడగరు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది. సందు చూసి చీల దింపి, గడ్డపారతో ఓపిగ్గా ఎత్తితే పలక పైకి లేస్తుంది. భూగర్భశాస్త్రం పుస్తకాల్లో దీన్ని నార్జి సున్నపురాయి అని రాస్తారు. మామకు ఆ పేరు తెలియదు. లారీల్లో నిలువుగా పేర్చుకుని మద్రాసుకు, బెంగళూరుకు, బొంబాయి వంటిళ్ల గట్లకు పోయేది ఈ రాయే. మన ఊళ్లలో నేల అదే, అరుగు అదే, అలమర అదే, జాలారి అదే. బండలు నిలబెట్టి మూలలకు సిమెంటు మెత్తితే నీళ్ల తొట్టి. దంతెల మీద పరిచి, పైన చౌడుమన్ను తోలి తొక్కితే మిద్దె. మే నెల మధ్యాహ్నం బండల మీద ఇన్ని నీళ్లు చల్లుకుని వెల్లకిలా పడుకున్నవాడికి తెలుస్తుంది, ఆ రాయి విలువేమిటో.

బండ మంచిచెడ్డలు మామ చెవితో తేల్చేవాడు. ఒక పక్క కాస్త పైకెత్తి పట్టుకోమని, సుత్తెతో మెల్లగా తట్టేవాడు. ఖంగుమంటే మంచిది. బొద్దుగా పలికితే లోపల ఎక్కడో పొర విడిపోయినట్టు. పైకి ఎంత నున్నగా ఉన్నా పక్కన పెట్టేసేవాడు. పరిచాక కూడా అంతే. రసమట్టం చూసుకుని, దారం తీసేసి, ఇక అయిపోయిందని అందరూ అనుకుంటుంటే ఆయన మోకాళ్ల మీద గది గదంతా తిరిగి తట్టేవాడు. ఎక్కడైనా గుల్ల పలికిందా, ఆ బండ లేపాల్సిందే, కింద ఇసుక సున్నం మళ్లీ సర్దాల్సిందే. ఇంటాయన "పోనీలే మేస్త్రీ, ఎవురికి కనపడుతుంది" అన్నా వినడు. "రేప్పొద్దున రోలు పెడ్తే కనపడుతుందిలే" అనేవాడు. ఇలా చేసిన పనికి కూలి ఏం గిడుతుంది? అత్తకు ఎప్పుడూ అదే కోపం. కానీ ఇల్లు కట్టుకునేవాళ్లు మామ తీరిక కోసం నెలల తరబడి కాచుకునేవాళ్లు. గృహప్రవేశానికి పిలిచి పంచె పెట్టేవాళ్లు. పెద్ద దర్గా ఉరుసుకైనా, దేవుని కడప తిరునాళ్లకైనా ఆయనతో నడిస్తే పది అడుగులకొకరు ఆపి పలకరించేవాళ్లు. గుడికి చేరేసరికి మాకు ఆకలి.

అమావాస్య నాడు ఆయన పని ముట్టడు. పనివాళ్లకు అది సెలవు. మిగతా మేస్త్రీలు ఇంట్లో పడుకునేవాళ్లో, సినిమాకు పోయేవాళ్లో. మామ మాత్రం మధ్యాహ్నం సంగటి తిని, చెనిక్కాయల ఊరిబిండి ఒక డబ్బాలో వేయించుకుని, మా పిల్లల్ని వెంటేసుకుని సిద్ధవటం బస్సెక్కేవాడు. పెన్న ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తేరుకునేదాకా కూర్చోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నీళ్లు ఊరుతుంటే చేయి పెట్టి కెలకకూడదు, అంతే విద్య. శివరాత్రికి లంకమలకు జనంతో నడిచేవాడు గానీ, జనం లేని లంకమలే ఆయనకు ఇష్టం. కొండ అడుగున కలివి పొదలు, రేగు కంపలు, మధ్య మధ్య గచ్చు పోసినట్టున్న గట్టి నేల. ఏ పండు ఎప్పుడు మాగుతుందో, ఏ కోనలో వేసవిలోనూ నీళ్లుంటాయో ఆయనకు తెలుసు. కలివి పండ్లు తువ్వాల్లో మూటగట్టి అత్తకు తెచ్చేవాడు. ఆవిడ కోపం ఆ పూటకు అక్కడితో సరి.

అక్కడ కూర్చుని ఆయన చెప్పే కథ ఒక్కటే, ఐతన్న కథ. జెర్డాన్ అనే తెల్లదొర 1848 ప్రాంతంలో లోకానికి చూపించిన కలివికోడి, 1900లో అనంతపురం వైపు కనిపించి, ఆ తర్వాత ఎవరి కంటా పడలేదు. జాతే అంతరించిందనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ వచ్చి పల్లె పల్లె బొమ్మ చూపించి అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టేశాడు. ఆ పిట్ట బతకలేదు. కబురందగానే సలీం అలీ అంతటాయన బయల్దేరి వచ్చాడు. ఆ తర్వాత లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది. మామకు ఇవన్నీ పట్టవు. ఆయనకు నచ్చింది ఒక్కటే, నూరేళ్లుగా దొరలకు దొరకనిది మనూరోడి టార్చికి దొరికింది.

పొద్దుగూకి చీకటి బాగా పడ్డాక అది కాసేపు అరుస్తుందట, రెండు పలుకుల అరుపు. ఆ వేళకు మమ్మల్ని గమ్మునుండమని, తానూ బీడీ ఆర్పేసి చెవులు రిక్కించేవాడు. గబ్బిలాలో, కీచురాళ్లో వినిపించేవి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో నేను విన్నా నేను చూశానని చెప్పేవాళ్లకు కొదవలేదు. మామ ఎన్నడూ ఆ మాట అనలేదు. "విన్లేదురా అబ్బీ. వినుంటే గుర్తుపట్టనా?" అనేవాడు. ఆయన మీద నాకున్న గౌరవంలో సగం ఈ మాటకే. శాస్త్రవేత్తలు పొదల మధ్య మెత్తటి ఇసుక పరిచి, పొద్దున్నే అడుగుజాడలు వెతుకుతారని నేను పేపర్లో చదివి చెబితే పగలబడి నవ్వాడు: "వాళ్లూ పరిచే పనే సేస్తాండారా!"

తర్వాత కోత మిషన్లు, పాలిష్ మిషన్లు వచ్చాయి. బండల అంచులు సూటిగా వచ్చాయి, పని తొందరగా అయింది, కూలి కాస్త పెరిగింది. మామా ఒక మిషన్ కొన్నాడు. ఆ రొదలో ఏళ్లు గడిచాక చెవులు మందగించాయి. మొదట పిల్లల మాట, తర్వాత ఫోను, చివరికి బండ. తట్టి, వేళ్లు ఆనించి, అదురును బట్టి కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. ఈలోగా ఊరంతా టైల్సుకు తిరిగింది. నాపబండ వేసుకుంటే పాతకాలం వాళ్లం అనుకున్నారు. కాళ్లు జారే నేలకు అంత మోజేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. మట్టి మిద్దెలు పడగొట్టి స్లాబులు వేశారు. అడవి సంగతి సరేసరి. ఎర్రచందనం దొంగతనాలు ముదిరాక, సంచీతో కొండ వైపు నడిచే ముసలాయన్ని ఎవరైనా ఆపి, ఎందుకు పోతున్నావని అడుగుతారు. చెవిటి మనిషి ఏమని జవాబు చెబుతాడు? అమావాస్యలు ఇంటి అరుగు మీదే గడిచాయి.

కొడుకులిద్దరూ కువైట్‌లో ఉన్నారు. ఆయన పోయాక సమాధికి గ్రానైటు వేద్దామని, డబ్బు పంపుతామని ఫోన్ చేశారు. అత్త వద్దనింది. ఎర్రగుంట్లకు నన్ను తోడు తీసుకుపోయింది. డిపోలో మొదట చూపించిన బండను చేతి గాజు పైకి నెట్టుకుని, కింద పడున్న ఇనుప ముక్కతో తట్టింది. తల అడ్డంగా ఊపింది. ఇంకోటి, ఇంకోటి. కుర్రాడికి విసుగొచ్చింది. చివరికి ఒకటి ఒప్పుకుంది గానీ, ధర దగ్గర అరగంట గీసిగీసి బేరమాడింది. ఆటోలో కూర్చున్నాక కూడా ఆవిడకు తృప్తి లేదు.

"మీ మామ అయ్యింటే ఇంగా తగ్గించుండు" అనింది.