భుజాన మోసే పడవ

గురజాల నుంచి దైద వెళ్లే దారి చివర కృష్ణ ఉంది గానీ, బండి దిగగానే నీళ్లు కాళ్లకు తగలవు. మిరపచేలు, పత్తిచేలు దాటాక నాపరాతి బండల మీదుగా కిందికి దిగాలి. ఎండాకాలం ఏరు లోపలికి జరిగితే ఆ దిగుడు ఇంకా పొడుగవుతుంది. మేం వెళ్లేసరికి అప్పుడే తెల్లవారింది. అరవై దాటిన ఒకాయన పుట్టిని, అంటే గుండ్రటి బుట్ట పడవను, బోర్లించి వీపుకెత్తుకుని, తెడ్డును ఊతకర్ర చేసుకుని, బండ బండకూ అడుగు చూసుకుంటూ దిగుతున్నాడు. వెనక నుంచి చూస్తే నల్లటి తాబేలు లేచి నడుస్తున్నట్టుంది.

నాతో వచ్చింది మా అక్క కొడుకు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. దుర్గం చెరువులో కయాక్ నడపడం నేర్చుకున్నాడు. గాలం అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఒడ్డున కూర్చుంటే మంచి చేప అందడం లేదని, సొంతంగా ఒక తేలికపాటి కయాక్ కొని సెలవులకు వచ్చినప్పుడల్లా కృష్ణలో తిరగాలని వాడి కోరిక. ఫోన్లో రకరకాల బొమ్మలు చూపించి "ఏది కొనమంటావు మావయ్యా?" అని అడిగాడు. ఈ ఏటి మీద బతికేవాళ్లను అడగకుండా ఆ మాట నేను చెప్పలేను. అందుకే దైద తీసుకొచ్చాను. అమరలింగేశ్వరుడి గుహాలయం ఉన్న ఊరు కాబట్టి ఇక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువమంది దేవుడి కోసమే వస్తారు. మేం తిన్నగా రేవుకు దిగాం.

పెద్దాయన పుట్టి దించి, చెమట తుడుచుకుని, ఫోన్లో బొమ్మల్ని శ్రద్ధగా చూశాడు. వేగం అడగలేదు, ఖరీదు అడగలేదు.

"అబ్బాయీ, దీన్ని ఒక్కడివే ఎత్తగలవా?"

ఇద్దరం పట్టుకోవచ్చు కదా అన్నాను నేను.

"నువ్వు రాని రోజు? గట్టు మీద నుంచి మోసుకొచ్చేదీ వాడే, పొద్దెక్కాక అలిసిపోయి మళ్లీ గట్టెక్కించేదీ వాడే. తడిశాక ఏదైనా బరువెక్కుద్దయ్యా."

పడవ ఎంపిక గురించి నేను చదివినవాటిలో పొడవు, వెడల్పు, ఆకారం ముందు వస్తాయి, బరువు చివర వస్తుంది. ఈ రేవులో లెక్క అటుది ఇటు. కృష్ణ ఈ భాగంలో ఇసుక మీద కన్నా రాయి మీద పారే ఏరు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలకు రాయినిచ్చే సున్నపురాతి నేలే ఇక్కడి ఏటి అడుగూ. లోతు ఒకచోట నిలువెత్తు ఉంటే నాలుగు బారల అవతల మోకాలి లోతు. అడుగున వెన్నుదూలం ఉన్న చెక్కపడవ ఇక్కడ బండలకు తగిలి తగిలి చీలిపోతుంది. పుట్టికి వెన్ను లేదు, ముక్కు లేదు. నీళ్లు తగ్గిన చోట దిగి, ఎత్తి, బండ దాటించి, మళ్లీ నీళ్లలో పెడతారు.

ఒడ్డున ఇంకో పుట్టి బోర్లించి ఉంది. దానికి తారు పూస్తున్నాడు ఆయన కొడుకు. అడిగితే విప్పి చెప్పాడు. వెదురును బద్దలుగా చీల్చి, నేల మీద అడ్డంగా నిలువుగా పరిచి, ముందు అడుగు అల్లుతారు. అల్లిక నడుమ బరువైన రాళ్లు పెట్టి అడుగును నేలకు అదిమి ఉంచుతారు. అప్పుడు బద్దల కొసల్ని పైకి వంచి చుట్టూ గోడ కడతారు. అంచుకు మాత్రం బద్దల్ని కట్టగా చుట్టి గట్టిగా బిగిస్తారు. వల లాగేటప్పుడు మోకాళ్లు ఆనేది ఆ అంచుకే, పుట్టి ప్రాణం కూడా అక్కడే ఉంది. ఆ పైన ప్లాస్టిక్ పట్టా, దాని మీద యూరియా సంచులు కుట్టి, తారు పట్టిస్తారు. ఈయన తాతల నాడు తోలు కప్పేవారట.

ఆ తోలు పుట్టి చాలా పాతది. విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెస్ 1520 ప్రాంతంలో, తుంగభద్ర దాటి ఆనెగొంది వెళ్లేవాళ్లు గుండ్రటి బుట్ట పడవల్లో వెళ్తారని, లోపల బెత్తం అల్లిక, బయట తోలు అని రాశాడు. పదిహేను ఇరవై మంది పట్టేవట, గుర్రాలనూ ఎద్దులనూ కూడా ఎక్కించేవారట. మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ ఈ నదుల పుట్టిని, టైగ్రిస్ నది మీది గుండ్రటి పడవను పక్కపక్కన పెట్టి పరిశీలించాడు. బ్రిటన్‌లో వేల్స్ దేశపు జాలర్లు కూడా టైవీ నది ఒడ్డున తమ చిన్న పడవను వీపు మీదే మోసుకుని నడుస్తారు. ఇక మా వాడు కొనాలనుకుంటున్న కయాక్? మంచు సముద్రాల పక్కన బతికే ఇన్యూట్ జనం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రతో చట్రం కట్టి, సీలు తోలు కప్పి చేసుకున్నదే దాని మూలం. తేలికైన చట్రం, దాని మీద నీళ్లు పట్టని తొడుగు. ఆ సూత్రం మా పల్నాటి రేవులోనూ అదే కావడం నాకెంతో సంతోషం కలిగించింది.

ఎండ ముదరక ముందే పెద్దాయన నన్ను పుట్టిలో ఎక్కించుకున్నాడు. సరిగ్గా మధ్యలో కూర్చోమన్నాడు. తాను ముందు అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును ఎదర ముంచి తన వైపు లాక్కుంటున్నాడు. వెనక్కి తోసే పని లేదు. ఒక పక్క ఎక్కువ లాగితే పుట్టి గిర్రున తిరిగిపోతుంది కాబట్టి ప్రతి లాగుడులోనూ మణికట్టు కాస్త మెలిపెడతాడు. దూరం పోవడానికి ఇది పనికిరాదు. కానీ వల దగ్గర ఆగిన చోట ఆగాలంటే, అంచు మీదికి వంగి బొచ్చెనో వాలుగనో లోపలికి లాక్కోవాలంటే దీనికి సాటి లేదు.

లెక్క కడితే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. రెండు మీటర్ల అడ్డం ఉన్న చదునైన పుట్టి ఒక్క సెంటీమీటరు దిగాలంటే దాదాపు 31 కిలోల బరువు కావాలి. ఇద్దరు మనుషులు, వల, చేపలు కలిపి 160 కిలోలు అనుకున్నా అది కిందికి దిగేది అయిదారు సెంటీమీటర్లే, పుట్టి సొంత బరువుకు ఇంకో సెంటీమీటరు. అందుకే మోకాలి లోతులోనూ బండకు తగలదు. పది అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు ఉన్న కయాక్ అయితే సుమారు 17 కిలోలకే ఆ సెంటీమీటరు దిగుతుంది. దానికి బదులుగా అది తిన్నగా పోతుంది, ఎదురుగాలిని కోసుకుపోతుంది.

ఒడ్డుకొచ్చి మా వాడు చూపించిన బొమ్మల్ని మళ్లీ ముందేసుకున్నాం. చేపల వేట కోసమని అమ్మే పన్నెండు పదమూడు అడుగుల ప్లాస్టిక్ కయాక్‌లు చాలావరకు నలభై కిలోలకు అటూ ఇటూగా ఉంటాయి. కాళ్లతో తొక్కే పెడల్ బిగించినవి అంతకన్నా బరువు. వాటి మీద నిలబడి గాలం విసరవచ్చు, నిజమే. ఈ బండల మీద ఒంటరిగా మోయడం మాత్రం కుదిరే పని కాదు. రెండో కొసన కెవ్లార్‌తో చేసిన కనూలు ఇరవై కిలోలకు లోపే ఉంటాయి, వాటి ఖరీదు మాత్రం ఆకాశంలో ఉంటుంది. పైగా కెవ్లార్ అయినా, సన్నటి ఫైబర్ అయినా సరస్సుకు పనికొచ్చేవి, నాపరాతి అంచుకు గీసుకుంటే ఓర్చుకునేవి కావు. గాలి నింపుకునే రకం సంచిలో మడిచి బస్సులోనైనా తెచ్చుకోవచ్చు. గాలపు ముల్లు, రాతి మొన, రెండూ ఉన్నచోట దాన్ని నేను నమ్మను.

మిగిలింది పది అడుగుల పాలిథిలిన్ కయాక్. బరువు పాతిక ముప్పై కిలోలు. బండకు గీసుకుంటే గీత పడుతుంది గానీ పగలదు. అందులోనూ కాళ్లు లోపలికి దూర్చి కూర్చునేది వద్దు, పైన కూర్చునే రకమే మేలు. తిరగబడితే మనిషి అందులో ఇరుక్కోడు, అడుగున ఉన్న కన్నాల్లోంచి నీళ్లు వాటంతట అవే పోతాయి. వెడల్పు 30 అంగుళాలకు తగ్గకూడదు. మోయగలదని కంపెనీ రాసిన బరువులో మూడింట రెండు వంతులు మించి ఎక్కించకూడదు. గాలపు కర్రలు పెట్టే గొట్టాలు, చేప జాడ చూపే తెరలు, కప్పు పెట్టుకునే గుంటలు తరవాత సంగతి. ఒక్కొక్కటీ కిలో అరకిలో చొప్పున బరువును మళ్లీ భుజం మీదికే తెస్తుంది.

పడవ ఏదైనా, ఇక్కడ ఏటి పోకడ తెలియకపోతే అది నిలబెట్టదు. దైదకు ఎగువన సత్రశాల దగ్గర నాగార్జునసాగర్ టెయిల్‌పాండ్ డ్యాం ఉంది. పెద్ద డ్యాం విద్యుత్ కేంద్రం వదిలిన నీటిని నిలిపి, కావాలనుకున్నప్పుడు వెనక్కి పంపు చేసుకోవడానికి కట్టింది. దానికీ 25 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. పై నుంచి నీళ్లు వదిలితే, వాన చుక్క పడకపోయినా ఈ రేవులో మట్టం లేస్తుంది. పొద్దున నడిచి దాటిన బండ మధ్యాహ్నానికి కనపడదు. సాగర్ 26 గేట్లు ఎత్తే రోజుల్లో అయితే పుట్టిలన్నీ ఊళ్లోనే ఉంటాయి. మొసళ్లున్న ఏరు కాబట్టి కాళ్లు నీళ్లలో వేలాడేసి కూర్చోవద్దని కూడా పెద్దాయన చెప్పాడు.

దిగువకు పోయేకొద్దీ నీళ్ల తీరు మారుతుంది. వాడపల్లి దగ్గర మూసీ కలుస్తుంది, ఆ కింద పులిచింతల జలాశయం వెనుకజలాలు పరుచుకుంటాయి. 2013 డిసెంబరులో ఆ ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు, నిల్వ 45.77 టీఎంసీలు. కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు ఆ నీళ్ల కిందే ఉంది. అంత వెడల్పు నీళ్లలో మధ్యాహ్నం గాలి లేస్తే పుట్టి ఎటు కొడితే అటు పోతుంది. అక్కడ పొడవాటి ఫైబర్ పడవ కావాలి. తేలిక అనేది బండల ఏటిలో బలం, వెడల్పు నీటిలో గండం. మా వాడికి నేను చెప్పిందీ అదే: పది అడుగుల కయాక్ కొంటే దైద నీళ్లకు కొనుక్కో, పులిచింతల వైపు చూడకు.

జాలర్ల సంగతి కూడా వాడితో గట్టిగానే మాట్లాడాను. సాయంత్రం కట్టిన వలలకు గుర్తుగా నీళ్ల మీద థర్మకోల్ ముక్కలు, ఖాళీ సీసాలు తేలుతుంటాయి. సరదాకు తిరిగే పడవ వాటి మీదుగా పోతే తెగేది ఒకరి రోజు కూలి. వానాకాలం చేప గుడ్లు పెట్టే రోజుల్లో వాళ్లే వలలు గట్టున పెడితే మనం గాలం వేయడం న్యాయం కాదు. ముందు సహకార సంఘంలో, మత్స్యశాఖలో అడిగి దిగడం పద్ధతి. పెద్దాయన ఈ మాటలకు తలూపాడు గానీ ఆయన ధ్యాసంతా ఇంకోచోట ఉంది.

"ఈత వచ్చా?" అన్నాడు మా వాడితో.

వచ్చన్నాడు. ఈత వచ్చినవాళ్లే ఎక్కువ మునుగుతారని, జాకెట్ లేకుండా దిగితే తాను రేవులోకి రానివ్వనని అన్నాడు. 2017 నవంబరులో ఇదే కృష్ణ మీద, విజయవాడ వైపు పవిత్ర సంగమం దగ్గర పర్యాటకుల పడవ తిరగబడింది. ఆ మాట మా మధ్య రాలేదు, నాకు మాత్రం గుర్తొచ్చింది. ఆయన పుట్టిలో జాకెట్ లేదేమని అడిగాను. పాతది చిరిగిపోయిందన్నాడు. కయాక్‌తో పాటు ఒకటి ఆయన కొలతకూ తెప్పిస్తానని మా వాడు అక్కడే మాటిచ్చాడు.

"తెచ్చినాక ముందు ఇక్కడికే రా బాబూ," అన్నాడు ఆయన. "నడుము లోతులో మనమే దాన్ని తిరగేద్దాం. నీళ్లలో నుంచి ఒక్కడివే మళ్లీ ఎక్కగలిగితే అప్పుడు గాలం తీసుకో."

వేసవిలో నీళ్లు తగ్గాక ఆ పని పెట్టుకున్నారిద్దరూ. ఈలోగా కొట్టుకెళ్లి ఆ పది అడుగుల దాన్ని భుజానికెత్తుకుని, కనీసం రెండొందల గజాలు నడిచి చూశాకే డబ్బు కట్టమని వాడికి చెప్పి పంపాను.