నిండు జీవితం

మన పెద్దలు పిల్లలను దీవించేటప్పుడు ‘నిండు నూరేళ్ళు వర్ధిల్లు’ అంటారు. ఈ చిన్న దీవెనలో రెండు కోరికలున్నాయి. నూరేళ్ళు అన్నది కాలానికి సంబంధించిన కోరిక. నిండు అన్నది ఆ కాలాన్ని మనం దేనితో నింపుకొన్నామన్న దానికి సంబంధించిన కోరిక. ఆయుష్షును పొడిగించుకోవడానికి మానవుడు వైద్యాన్ని, విజ్ఞానాన్ని ఆశ్రయించాడు. కాని జీవితాన్ని నింపి ఇచ్చే ఔషధం ఎక్కడా దొరకదు. ఆ పని ఎవరికి వారు చేసుకోవలసిందే. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళ అమెరికన్ కవిత్వాన్ని చదివినప్పుడల్లా నన్ను ఆకట్టుకొనేది ఈ ‘నిండు’ అన్న మాటను గురించిన ఆరాటమే.

అంతకు ముందు తరంలో, 1855లో వాల్ట్ విట్మన్ ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ అనే కావ్యం వెలువరించాడు. శరీరాన్నీ ఆత్మనూ, శ్రమనూ బాటసారి స్వేచ్ఛనూ ఒకే ఉత్సాహంతో కీర్తించాడు. అతని తర్వాత వచ్చినవారికి అంతటి నిశ్చింత లేదు. రైలు మార్గాలు, కర్మాగారాలు దేశం రూపురేఖలను మార్చివేశాయి. యువకులు పల్లెలను వదలి నగరాలకు తరలిపోయారు. 1920 జనాభా లెక్కల నాటికి ఆ దేశంలో పట్టణవాసుల సంఖ్య తొలిసారిగా గ్రామవాసుల సంఖ్యను మించిపోయింది. ఒకరి సంగతి ఒకరికి తెలిసినా, ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకోని చిన్న చిన్న ఊళ్ళు మిగిలాయి. అటువంటి ఊళ్ళలో పెరిగిన కవులు కొందరు ‘ఈ మనుషులు నిజంగా జీవించారా?’ అని ప్రశ్నించుకొన్నారు.

వారిలో ఎడ్గర్ లీ మాస్టర్స్ ఒకడు. ఇలినాయ్ రాష్ట్రపు చిన్న ఊళ్ళలో పెరిగి, షికాగో నగరంలో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. 1915లో ‘స్పూన్ రివర్ ఆంథాలజీ’ అనే కవితా సంపుటిని ప్రకటించాడు. అందులో కవి కల్పించిన ఒక ఊరి శ్మశానంలో నిద్రించేవారు రెండు వందల మందికి పైగా, ఒక్కొక్కరే తమ కథను తామే చెప్పుకొంటారు. బ్రతికి ఉండగా దాచుకొన్న సత్యాలను మరణించిన తర్వాత నిర్భయంగా వెల్లడిస్తారు. మృతులకు ఇక లోకులతో పనిలేదు కదా!

ఆ గొంతులలో జార్జ్ గ్రే అనే వ్యక్తిది నన్ను ఎప్పుడూ వెంటాడుతూ ఉంటుంది. అతని సమాధి రాతి మీద తెరచాప ముడిచి రేవులో ఆగిన పడవను చెక్కారు. చూసేవారికి అది విశ్రాంతికి గుర్తు. అతనికి మాత్రం అది తాను గడిపిన జీవితపు చిత్రం. ప్రేమ ఎదురైతే భంగపాటు కలుగుతుందని వెనుదిరిగాడు. దుఃఖం తలుపు తడితే తెరవలేదు. ఆశయం పిలిస్తే అపాయాలను తలచుకొని ఆగిపోయాడు. అతడు ఎవరికీ అపకారం చేయలేదు. అయినా సముద్రాన్ని కోరుకొంటూనే రేవు దాటని పడవలా మిగిలిపోయాడు.

అదే శ్మశానంలో లూసిండా మాట్‌లాక్ అనే వృద్ధురాలు ఉంది. కవి తన నాయనమ్మను తలచుకొని తీర్చిన పాత్ర ఇది. ఆమె వయసులో ఉన్నప్పుడు ఆడిపాడింది. డెబ్బై ఏళ్ళు దాంపత్యం సాగించింది. 12 మంది బిడ్డలను పెంచింది. తనకు అరవై ఏళ్ళు రాకముందే వారిలో 8 మందిని పోగొట్టుకొంది. నూలు వడికింది, బట్ట నేసింది, రోగులకు సేవ చేసింది, తోట పెంచింది. సెలవు దినాలలో పొలాల వెంట తిరిగి పూలు ఏరుకొంది. 96 ఏళ్ళ వయసులో తృప్తిగా కన్ను మూసింది. బ్రతుకు భారమని నిట్టూర్చే యువతరాన్ని చూసి ఆమె కొంచెం కోపగించుకొంటుంది కూడా. ఎనిమిది మంది బిడ్డలను కోల్పోయిన తల్లికి ఆ కోపం చెల్లుతుంది. వీరిద్దరినీ పక్కపక్కన నిలిపి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. జీవితాన్ని వెలితి చేసేది దుఃఖం కాదు, దుఃఖం కలుగుతుందేమోనన్న భయం.

భయం ఒక్కటే కాదు, పగటికలలు కూడా జీవితాన్ని హరిస్తాయి. ఎడ్విన్ ఆర్లింగ్టన్ రాబిన్సన్ 1910లో ప్రకటించిన ఒక కవితలో మినివర్ చీవీ అనేవాడు తాను ఆలస్యంగా పుట్టానని విలపిస్తూ ఉంటాడు. కత్తులు, కవచాలు, వీరాశ్వాలు ఉన్న ప్రాచీన కాలమే అతనికి ఇష్టం. తన కాలం అతనికి నచ్చదు కనుక అందులో ఏ పనీ చేయడు. విధిని నిందిస్తాడు, మద్యం సేవిస్తాడు. రాబిన్సన్‌కూ కాలం అనుకూలించలేదు. 1903, 1904 ప్రాంతంలో న్యూయార్క్ భూగర్భ రైలు మార్గపు పనులలో కూలీల పనివేళలు నమోదు చేసే చిరుద్యోగంతో పొట్ట పోసుకొన్నాడు. కాని అతడు తన కాలం మీద అలగలేదు, రచన మానలేదు. 1922లో పులిట్జర్ బహుమతి అతనిని వరించింది.

స్పూన్ రివర్ వెలువడిన 1915లోనే షికాగో నుండి వచ్చే ‘పొయెట్రీ’ పత్రికలో టి. ఎస్. ఎలియట్ రాసిన ప్రూఫ్రాక్ కవిత అచ్చయింది. అందులోని మనిషికి ఒక ముఖ్యమైన మాట అడగాలని ఉంటుంది. ఎదుటివారు ఏమనుకొంటారో, తన దుస్తులను చూసి, పలచబడిన జుట్టును చూసి నవ్వుతారేమోనని తటపటాయిస్తాడు. ఇంకా సమయం ఉందిలే అని తనకు తానే సర్ది చెప్పుకొంటాడు. విశేషమేమిటంటే, ఈ వాయిదాల జీవితాన్ని చిత్రించే నాటికి ఎలియట్ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ యువకుడు. లోకం ఏమనుకొంటుందోనన్న సంకోచం యౌవనంలోనే మొలకెత్తుతుందని అతనికి తెలుసు.

అదే సంవత్సరం రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన ‘ది రోడ్ నాట్ టేకెన్’ కూడా అచ్చయింది. దీనిని ఎవరూ నడవని దారిని ఎన్నుకొన్న సాహసికి స్తోత్రంగా చాలామంది భావిస్తారు. జాగ్రత్తగా చదివితే ఆ రెండు దారులూ ఇంచుమించు ఒకే విధంగా నలిగి ఉన్నాయని కవే చెబుతాడు. ఫ్రాస్ట్ ఇంగ్లండులో ఉన్నప్పుడు ఎడ్వర్డ్ థామస్ అనే మిత్రునితో కలిసి వాహ్యాళికి వెళ్ళేవాడు. ఏ దారిన వెళ్ళినా, మరో దారిన వెళ్ళి ఉంటే బాగుండేదని థామస్ విచారించేవాడట. ఆ స్వభావాన్ని చూసి స్నేహపూర్వకంగా అల్లిన కవిత అది. ఆ థామస్, ఫ్రాస్ట్ ప్రోత్సాహంతో 1914 చివర కవిత్వం ప్రారంభించాడు. అప్పటికి అతని వయసు 36. ఆ తర్వాతి రెండేళ్ళలో 140కి పైగా కవితలు రాశాడు. సైన్యంలో చేరి 1917 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని అరాస్ వద్ద యుద్ధరంగంలో మరణించాడు. దారుల గురించి అంతగా విచారించిన మనిషి, దారి దొరికిన తర్వాత ఆ కొద్ది కాలాన్నీ ఎంతగా నింపుకొన్నాడో చూడండి! నూరేళ్ళు లేకపోయినా నిండుదనం సాధ్యమేనని నాకు నమ్మకం కలిగించిన జీవితాలలో అతనిది ఒకటి.

ఐతే నిండుగా జీవించడమంటే వేగంగా దహించుకుపోవడమా? ఎడ్నా సెయింట్ విన్సెంట్ మిలే నాలుగు పంక్తుల చిన్న కవితలో రెండు కొసలా వెలిగించిన కొవ్వొత్తితో తన జీవితాన్ని పోల్చుకొంది. అది తెల్లవారేదాకా నిలవదని ఆమెకు తెలుసు. ఆ వెలుగు చాలనుకొంది. ఆ తెగువ అందమైనదే. నాకు మాత్రం విలియం కార్లోస్ విలియమ్స్ ఎన్నుకొన్న పద్ధతి మరింత దగ్గరగా తోస్తుంది. ఆయన న్యూజెర్సీలోని రూథర్‌ఫర్డ్ అనే పట్టణంలో నలభై ఏళ్ళ పాటు వైద్యం చేశాడు. రోగికీ రోగికీ నడుమ దొరికిన తీరికలో, మందులు రాసే కాగితాల మీదనే కవితలు రాసుకొనేవాడు. వృత్తి ఒక చోట, జీవితం మరొక చోట అని ఆయన విభజించుకోలేదు. వాన నీటిలో తడిసిన తోపుడు బండి కూడా ఆయనకు కవితా వస్తువైంది.

మన విద్యార్థులలో చాలామంది ‘ఈ రెండేళ్ళు గడిస్తే చాలు, ఆ తర్వాత జీవించవచ్చు’ అనుకొంటారు. ఆ తర్వాత మరొక పరీక్ష, ఉద్యోగం, ఇల్లు వచ్చి నిలుస్తాయి. రేపటికని దాచిపెట్టిన జీవితం రేవులోని పడవ వంటిది. చదువును పక్కన పెట్టి విహరించమని ఈ కవులు చెప్పడం లేదు. ర్యాంకు కోసం కంఠస్థం చేసే పాఠంలోనే ఒక నక్షత్రపు పుట్టుకో, ఒక కణపు కదలికో కనిపించి మనసు ఒక్క క్షణం ఆగితే, ఆ క్షణం నిండినట్లే. మిత్రుని దుఃఖాన్ని ఓపికగా విన్న సాయంకాలం నిండినట్లే. భయపడుతూనే నిజం పలికిన రోజు నిండినట్లే. ఇటువంటి రోజులు కూడితేనే జీవితం. వాటిని ఈ వయసులోనే కూడబెట్టుకోవడం మొదలు పెట్టండి.